హైలాండు ఆవులు - వాటిని నమ్ముకొన్న కుటుంబములు

క్యాలెండర్ల మీదను, పిల్లల ఆటబొమ్మలలోను ఒక వింత ఆవును మన విద్యార్థులలో పలువురు చూచియే యుందురు. కన్నులు కనబడకుండ నుదుటి మీదుగా జారిన వెండ్రుకలు, బారెడు కొమ్ములు, ఎర్రని బొచ్చుతో నిండిన ఒడలు. అది స్కాట్లండు దేశపు ఉత్తర పశ్చిమ భాగములందలి హైలాండ్సు అను కొండసీమ ఆవు. దాని బొమ్మను చూచి ముచ్చటపడువారు అనేకులు. దానిని మేపి బ్రతుకు కుటుంబముల సంగతి తెలిసినవారు కొద్దిమంది. ఆ సంగతినే ఇచట వివరింపదలచితిమి.

ఆ సీమలో వాన ఎక్కువ, గాలి ఎక్కువ, సారవంతమైన నేల తక్కువ. స్కై ద్వీపమున డిసెంబరు నెలలో పగలు ఏడు గంటలైనను ఉండదు. కొండవాలులలో ముతక గడ్డియు, హెదర్ అను పొదయు తప్ప వేరు మేత విశేషముగా మొలవదు. అట్టిచోట బ్రతుకుటకు ఈ ఆవు ఒంటిపై రెండు పొరల బొచ్చు కలదు. పైపొర పొడవైనది, జిడ్డుగలది; వాననీరు దాని వెంట జారిపోవును. లోపొర మెత్తని ఉన్ని వంటిది; ఒంటి వేడిని బయటికి పోనీయదు. అందుచేత చర్మము క్రింద మందమైన క్రొవ్వు పేరుకొనవలసిన అవసరము దీనికి అంతగా లేదు. మన ఒంగోలు ఆవు పొట్టి వెండ్రుకలతో, వదులైన చర్మముతో ఎండను ఓర్చుకొనినట్లే ఇది చలిని ఓర్చుకొనును. ఎరుపే కాక నలుపు, పసుపు, తెలుపు రంగులవియు కలవు. ఈ జాతి వంశావళి గ్రంథము 1885లో మొదటిసారి వెలువడినది.

అచ్చటి చిన్న కమతమును క్రాఫ్టు అందురు. ఇంటి చుట్టు కొన్ని ఎకరముల నేల, ఊరుమ్మడి బీడులో కొంత వంతు - ఇదియే ఆస్తి. ఒక్కొక్క ఇంటివారు ఎన్ని పశువులను బీడులోనికి తోలవచ్చునో ఊరి కట్టుబాటు నిర్ణయించును. ఈ కమతము ఒక్కటే కుటుంబమును పోషింపజాలదు. కనుక ఇంటివారిలో ఒకరు ఉత్తరములు పంచుదురు, ఒకరు బడి బస్సు నడుపుదురు, మరియొకరు చేపల పడవపై పోవుదురు. పశువుల పని తెల్లవారకముందో, చీకటి పడిన పిమ్మటనో జరుగును.

వసంతకాలమున ఈతలు. ఆవు మందను విడిచి చాటునకు పోయి, సాధారణముగా మనిషి సాయము లేకుండనే ఈనును. కాని దూడ చెవికి గుర్తుబిళ్ళ వేయబోవునపుడు జాగ్రత్త అవసరము. మిక్కిలి సాధువైన ఆవు కూడ అప్పుడు కొమ్ములు త్రిప్పును. అందుచే ఒకరు దూడను పట్టగా మరియొకరు తల్లిని కనిపెట్టి యుందురు. (ఆ దూడకు ప్రభుత్వమువారు పాస్‌పోర్టు అను పత్రమును ఇత్తురు! మనుష్యులకే అది దొరకుట కష్టము గదా.) వేసవిలో వానకు వానకు నడుమ గడ్డి కోసి దాచవలెను. శరత్కాలమున ఓబన్ పట్టణపు సంతకు మేలుజాతి పశువులను కడిగి, దువ్వి తోలుకొనిపోవుదురు. శీతకాలమంతయు మంద బయటనే యుండును. ఇంటివారే బురదలో మేత మోసికొని పోవుదురు.

ఈ జాతి నిదానముగా పెరుగును. మాంసమునకు సిద్ధమగుటకు ఇంచుమించు మూడేండ్లు పట్టును. ఆవుల మెదడు జబ్బు కారణముగా బ్రిటనులో 30 నెలలు దాటిన పశువుల మాంసమును ఆహారముగా అమ్మరాదని 1996లో నియమము వచ్చినపుడు ఈ కుటుంబముల చిక్కు ఎట్టిదో ఊహింపవచ్చును. ఆ నియమము 2005 వరకు అమలులో నుండెను.

అయితే చలికన్నను, జబ్బుకన్నను పెద్ద కష్టము భూమి విషయమున వచ్చినది. పూర్వము కౌలు చెల్లించుటకు సొమ్ము ఆవును అమ్మిన వచ్చెడిది. స్కై ద్వీపపు మందలను కైల్ రియా జలసంధిలో ఒకదాని తోకకు మరియొకదాని దవడను త్రాటితో కట్టి ఈదించి, అటనుండి రోజుల తరబడి నడిపించి ఫాల్కర్క్ సంతకు చేర్చెడివారు. పిదప భూస్వాములకు గొఱ్ఱెల పెంపకము లాభసాటిగా కనబడినది. పందొమ్మిదవ శతాబ్దమున వేలాది కుటుంబములను లోయల నుండి వెడలగొట్టిరి. బీడు పోయిన ఇంట ఆవు ఎట్లు నిలుచును? 1882లో స్కై ద్వీపమునందలి బ్రేస్ గ్రామస్థులు బెన్ లీ కొండపై తమ మేత హక్కు తిరిగి ఇచ్చువరకు కౌలు చెల్లింపబోమనిరి. నోటీసులు తెచ్చిన ఉద్యోగిచేతనే వాటిని కాల్పించిరి. గ్లాస్గో నుండి పోలీసులు రాగా స్త్రీలు సైతము రాళ్ళు చేపట్టి ఎదుర్కొనిరి.

దరిమిలా 1883లో ప్రభుత్వము విచారణ సంఘమును నియమించెను. దాని అధ్యక్షుడు నేపియర్ ప్రభువు. ఈయన మనకు పరాయివాడు కాడు. 1866 నుండి 1872 వరకు మద్రాసు గవర్నరు. అనగా నాటి ఆంధ్ర జిల్లాలు ఆయన పాలనలోనివే. వచ్చిన యేటనే గంజాం కరవును చూచినవాడు. ఆయన సంఘము బ్రేస్ గ్రామముననే మొదటి సాక్ష్యములను తీసికొనెను. 1886 చట్టము కౌలుదారును ఊరక తొలగింపరాదనియు, న్యాయమైన కౌలును కమిషను నిర్ణయింపవలెననియు, కమతము వారసులకు చెందవలెననియు విధించెను. భూమియే లేని కూలీలకు మాత్రము ఆ చట్టము భూమి ఇయ్యలేదు. ఈ లోపమును మేము చిన్నదిగా ఎంచము.

1976 చట్టముతో క్రాఫ్టును కొనుక్కొను హక్కు లభించినది. హక్కుతోపాటు అమ్ముకొను ఆశయు వచ్చినది. సెలవుల విడిదికై నగరవాసులు ఇచ్చు ధరను ఆవులు మేపదలచిన పల్లె యువకుడు ఇయ్యజాలడు. కమతదారుడు తన నేలకు 32 కిలోమీటర్ల లోపల నివసింపవలెననియు, దానిని పాడుపెట్టరాదనియు 2010 చట్టము నిర్దేశించినది. ఆ నియమము అమలగుచున్నదో లేదో చూచు క్రాఫ్టింగు కమిషను ఇన్వర్నెస్ నగరమున కలదు. దాని సభ్యులలో పలువురిని క్రాఫ్టర్లే ఎన్నుకొందురు.