ఒకే పందిట్లో రెండు ఆచారాలు



ఈవేళ ఒక పెళ్ళి ముచ్చట చెప్పుకుందాం. పెళ్ళి కబురంటే మనలో ఎవరికి చేదు గనక! అయితే ఇది కొంచెం వింత పెళ్ళి. పెళ్ళికొడుకు జనగామ పిల్లవాడు, మా స్వంత మేనల్లుడు. పెళ్ళికూతురు మలేషియాలోని పేరాక్ రాష్ట్రంలో పుట్టి పెరిగిన చైనా జాతి పిల్ల. ఇద్దరూ సింగపూరులో ఒకే ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నారు. “పెళ్ళి మాత్రం నాయనమ్మ ఉన్న జనగామలోనే” అని ఇద్దరూ పట్టుబట్టారు.

ఆ మాట విన్నది మొదలు మా వదినెకు కంటిమీద కునుకు లేదు. ఆమె దిగులు పిల్లను గురించి కాదు. “ఆ తల్లి అంత దూరం నుంచి వస్తది. మన పద్ధతుల్లో ఏదో ఒకటి చూసి మనసు కష్టపెట్టుకున్నదనుకో, నా కోడలు ఎన్నేళ్ళున్నా మన ఇంట్లో పరాయిదానిలెక్కనే ఉంటది గదా” అన్నది. నిజమే కదండీ! ఈ రోజుల్లో జనగామ, మానుకోట, భూపాలపల్లి వంటి ఊళ్ళ పిల్లలు కూడా దేశాలు పట్టిపోతున్నారు. రేపు మీ ఇంట్లోనూ ఇటువంటి శుభకార్యం రావచ్చు. అందుకే మేము నేర్చుకున్న నాలుగు సంగతులూ మీ ముందు పెడుతున్నాను.

మొదట ఒక మాట. చైనా మనకు మరీ పరాయి దేశమేమీ కాదు. పట్టుబట్టలను ‘చీని చీనాంబరాలు’ అని మన పెద్దలు ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు. ఓరుగల్లు నేలిన గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన శాసనంలో, సుంకం కట్టవలసిన సరుకుల్లో చీని కర్పూరం కూడా ఉంది. ఇక మలేషియాలో మన తెలుగువారు తరతరాలుగా ఉన్నారు. వారి సంఘం 1955లోనే మొదలయింది. సింగపూరు తెలుగు సమాజం 1975లో ఏర్పడింది. పేరాక్‌లోనే బాగన్ దాతో అనే చోట కొబ్బరితోటల్లో పనికి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. అందుచేత మా వియ్యపురాలికి తెలుగువాళ్ళంటే కొత్త లేదు. తెలుగు పెళ్ళి మాత్రం కొత్త.

మేము చేసిన మొదటి పని, ఒక నోటుబుక్కులో మూడు గడులు గీయడం. ఒక గడిలో మనవాళ్ళు వదులుకోలేనివి, రెండో గడిలో వాళ్ళు వదులుకోలేనివి, మూడో గడిలో ఎవరికైనా నొప్పి కలిగించేవి. రెండు పక్షాల తంతులన్నీ పెట్టుకుంటే ఖర్చు రెండింతలు, అలసట నాలుగింతలు! అందుకని మనవైపు నుంచి ఐరేని కుండలు, ఎదుర్కోళ్ళు, జీలకర్ర బెల్లం, పుస్తెమట్టెలు, తలంబ్రాలు ఉంచుకున్నాం. వాళ్ళవైపు నుంచి రెండే రెండు అడిగారు. ఒకటి గుమ్మానికి ఎర్రకాగితంతో కత్తిరించిన జంట అక్షరం అంటించడం. సంతోషం అనే అక్షరాన్ని రెండుసార్లు పక్కపక్కన కలిపి రాస్తారు, జంట సంతోషమని అర్థం. రెండవది టీ ఇచ్చే వేడుక. దాని సంగతి చివరన చెబుతాను.

ముహూర్తం దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. మా చిన్నన్న శ్రావణమాసం అన్నాడు. మనకు అంతకంటె మంచి నెల ఏది? కాని వాళ్ళకూ మనలాగే చంద్రుణ్ణి బట్టి లెక్కించే పంచాంగం ఉన్నది. వాళ్ళ ఏడవ నెల చాలా ఏళ్ళలో మన శ్రావణంతోనే కలుస్తుంది. ఆ నెలలో చనిపోయినవాళ్ళ ఆత్మలు తిరుగుతాయని నమ్మి వాళ్ళు పెళ్ళిళ్ళు పెట్టుకోరు. పోనీ మాఘమాసం అంటే, ఇంచుమించు అప్పుడే వాళ్ళ కొత్త సంవత్సరం వస్తుంది. పదిహేను రోజుల పండుగ వదలి ఎవరూ కదలరు. చివరకు రెండు పంచాంగాలూ ముందు పెట్టుకొని ఫాల్గుణంలో కుదుర్చుకున్నాం. కనుక తేదీ అనుకోక ముందే అవతలివాళ్ళ పంచాంగం అడగండి. హాలుకు బయానా ఇచ్చాక అడిగితే లాభం లేదు.

రెండవ చిక్కు మధుపర్కాలు. తెల్లని నూలుబట్టకు ఎర్రంచు మనకు పవిత్రం. చైనావాళ్ళలో ఎరుపు శుభానికి, తెలుపు చావుకు. ఈ కాలపు చైనా పెళ్ళికూతుళ్ళు విందుకు తెల్లగౌను కూడా తొడుగుతున్నారు, ఆ సంగతి వేరు. అయినా పిల్ల అమ్మమ్మకు ఎనభై దాటాయి. తాళి కట్టే వేళకు మనుమరాలు తెల్లబట్టల్లో కనిపిస్తే ఆ ముసలిప్రాణం ఎంత తల్లడిల్లుతుంది! పురోహితుణ్ణి అడిగితే ఆయన తేలిగ్గా తేల్చేశారు. “అంచుకు రాసే పసుపేదో బట్టంతా ముంచండమ్మా, మన దగ్గర ఎన్ని ఇళ్ళల్లో కట్టడంలేదు పసుపుబట్టలు?” అన్నారు. అంతే. శాస్త్రం చెడలేదు, అమ్మమ్మ మనసూ చెడలేదు.

మూడవది కొంచెం సున్నితమైనది. కన్యాదానంలో పిల్ల తండ్రి అల్లుడి కాళ్ళు కడగాలి. పెళ్ళికొడుకు ఆ పూట సాక్షాత్తు విష్ణుమూర్తి అని మనకు తెలుసు. కాని వాళ్ళ ఆచారంలో పెళ్ళినాడు చిన్నవాళ్ళే పెద్దల ముందు మోకరిల్లాలి. పెద్దమనిషి వంగి కుర్రవాడి కాళ్ళు కడగడమంటే వాళ్ళకు లోకం తలక్రిందులైనట్టే. మేము దాచిపెట్టి పీటలమీదికి తీసుకురాలేదు. నెలరోజుల ముందే అర్థం చెప్పి, ఇష్టం లేకపోతే మానేద్దామన్నాం. ఆయన ఆలోచించుకొని సరేనన్నారు. పెంబర్తి ఇత్తడి తాంబాళంలో కాళ్ళు పెట్టగానే, మా పిల్లవాడు ముందు తనే వంగి మామగారికి నమస్కారం చేసి, తర్వాత కడిగించుకున్నాడు. ముందే అర్థం చెబితే మనిషి ఒప్పుకుంటాడు. చెప్పకపోతే అవమానమనుకుంటాడు.

ఇక ఇచ్చిపుచ్చుకోవడాలు. వాళ్ళు డబ్బు ఎర్రకవరులోనే పెడతారు. సింగపూరు, మలేషియాల్లో దాన్ని ఆంగ్‌పావ్ అంటారు. తెల్లకవరు చావు ఇంట్లో ఇచ్చేది. పెళ్ళికి సరిసంఖ్య ఇవ్వాలి, బేసిసంఖ్య చావుకు. నాలుగు అనే మాట వాళ్ళ భాషలో చావు అనే మాటలాగే వినిపిస్తుందట. అందుకని నాలుగు పనికిరాదు, ఎనిమిది మంచిది. ఏభై ఒకటి, నూట ఒకటి చదివించే మన అలవాటు వాళ్ళకు గుచ్చుకుంటుంది. అయితే చూడండి, మన నూటపదహార్లు సరిసంఖ్యే! అందులో నాలుగూ లేదు. బంధువులందరికీ ఎర్రకవర్లు మేమే కొని పంచి, నూటపదహార్లో, వెయ్యిన్నూటపదహార్లో పెట్టమన్నాం. గోడగడియారం మాత్రం చదివించవద్దని గట్టిగా చెప్పాం. గడియారం ఇవ్వడమనే మాట వాళ్ళకు అంత్యకాలంలో పక్కన కూర్చోవడమన్నట్టు వినిపిస్తుంది. భూపాలపల్లి నుంచి మా వదినె తమ్ముడు, అంటే పిల్లవాడి మేనమామ, అప్పటికే గడియారం కొనేశాడు పాపం. దాన్ని మా ఇంటి గోడకు తగిలించుకొని, ఆయనచేత పెంబర్తి ఇత్తడి కలశం ఇప్పించాం.

భోజనాల్లో ఒక్కటే జాగ్రత్త, కారం. మా అత్తవారిది మానుకోట. మిరప పండే ఊరివాళ్ళకు కారం తగ్గించమంటే చేతులాడవు. అందుకని చుట్టాలకు రెండు కూరలు, పప్పు, పెరుగు వేరే వండించాం. సకినాలు, బక్షాలు వాళ్ళు ఎంతో ఇష్టంగా తిన్నారు. వాళ్ళలో పెద్దవాళ్ళు చన్నీళ్ళు తాగరు, వేడినీళ్ళే కావాలి. నాలుగు ఫ్లాస్కులు నింపి, అయ్యో నాలుగు కాదు, అయిదు ఫ్లాస్కులు నింపి విడిదింట్లో పెట్టాం. ముసలివాళ్ళకు అన్నిటికంటె ఆ వేడినీళ్ళే నచ్చాయి.

కాగితాల సంగతి కూడా మరవకండి. మా వాళ్ళు ముందే సింగపూరులో రిజిస్టరు చేసుకొని వచ్చారు. ఇక్కడే చేసుకోదలిస్తే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరైనా అప్పటికి ముప్ఫయి రోజులుగా ఆ జిల్లాలో ఉంటున్నవారై ఉండాలి. నోటీసు ఇచ్చాక మరో ముప్ఫయి రోజులు ఆగాలి. ముగ్గురు సాక్షులు కావాలి. వారం రోజుల సెలవులో వచ్చే పిల్లలకు ఇది కుదరదు. కాబట్టి ముందే కనుక్కోండి.

ఇప్పుడు టీ వేడుక. పింగాణీ కప్పుల్లో ఎండు ఎర్రరేగుపండ్లు వేసిన తియ్యటి టీ పోసి, వధూవరులు మోకరిల్లి, రెండు చేతులతో ఒక్కొక్క పెద్దకు వరసగా అందించాలి. అందించేటప్పుడు వరస పెట్టి పిలవాలి. ఇంగ్లీషులో అందరూ అంకులే గాని, వాళ్ళ భాషలోనూ మనలాగే పెదనాన్నకొక మాట, చిన్నాన్నకొక మాట, మేనమామకొక మాట ఉన్నాయి. ఆ పిలుపుతోనే కొత్తకోడలు ఆ ఇంటిదయినట్టు లెక్క. పెద్దలు ఒక గుక్క తాగి, దీవించి, ఎర్రకవరు ఇస్తారు.

సోదరీమణులారా, మా అన్నయ్య పోయి ఆరేళ్ళయింది. మా వదినె కొడుకు పెళ్ళిలో పీటలమీద లేదు. చిన్నన్న, చిన్నవదినె కూర్చున్నారు. మంగళస్నానాలప్పుడు అయిదుగురు ముత్తైదువలు నూనె పెడుతుంటే, ఆమె తనంతట తానే వంటగదిలోకి వెళ్ళిపోయింది. అవతలి ఆచారం అన్నిటా గొప్పదని నేననను. పెళ్ళికి ముందురాత్రి వధువుకు దీవెనలు పలుకుతూ తలదువ్వే తంతు వాళ్ళకుంది. దానికి కూడా భర్త, పిల్లలు చల్లగా ఉన్న స్త్రీనే వెతుకుతారు. అయితే టీ దగ్గర మాత్రం ఆ పట్టింపు లేదు. తల్లి తల్లే. భర్త ఉన్నా లేకపోయినా కుర్చీలో కూర్చోవలసిందే, కొడుకూ కోడలూ మోకరిల్లవలసిందే.

సాయంత్రం పందిట్లో కుర్చీ వేసి పిలిస్తే మా వదినె రానన్నది. “నేనెందుకు, చిన్నోళ్ళను కూర్చోబెట్టుండ్రి” అన్నది. అప్పుడు వియ్యపురాలే లేచి వచ్చి, చెయ్యి పట్టుకొని తీసుకుపోయి కూర్చోబెట్టింది. పిల్ల మోకరిల్లి, నేర్చుకున్న తెలుగులో, “అమ్మా, టీ తాగండి” అన్నది. వాళ్ళ భాషలో కూడా తల్లిని ‘మా’ అనే అంటారట. వదినె కప్పు అందుకున్నది గాని చేతులు వణికాయి. పొద్దున కాళ్ళు కడిగిన ఆ మామగారికి, అదే రోజున అల్లుడు మోకరిల్లి టీ అందించాడు. పందిట్లో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడు అందరం కాళేశ్వరం వెళ్ళాం. అక్కడ ఒకే పానవట్టం మీద కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు, రెండు లింగాలు కదా! మా వదినె చూపించి, “ఇట్లనే ఉండుండ్రి” అని ఇద్దరికీ చెప్పింది.

రెండు ఆచారాలు కలపడమంటే ఎర్రకాగితాలు, మామిడాకులు కలిపి కట్టడం మాత్రమే కాదు. మన పద్ధతిలో ఎవరిని పక్కన నిలబెడుతున్నామో, అవతలి పద్ధతి వారికి చోటిస్తున్నదేమో చూడాలి. మా చిన్నకూతురి పెళ్ళికి అవతలివాళ్ళు ఏ జాతివాళ్ళయినా సరే, ఆ కుర్చీ వేస్తాను. మంగళస్నానాలకు మా వదినెనే ముందు పిలుస్తాను. మీరూ ఆలోచించండి.