రాజశేఖర చరిత్రము

కందుకూరి వీరేశలింగం పంతులు (1848–1919) రాజమహేంద్రవరంలో జన్మించారు. ధవళేశ్వరంలో ఉపాధ్యాయులుగా ఉంటూ 1874లో 'వివేకవర్ధని' పత్రికను స్థాపించారు. లంచాలు తినే అధికారులను, వారికి తోడ్పడే పెద్దమనుషులను ఆ పత్రిక నిర్భయంగా విమర్శించింది. ఆయన మొదటి నవల 'రాజశేఖర చరిత్రము' 1878లో ఆ పత్రికలోనే ప్రకటితమైంది. 1880లో పుస్తకంగా వచ్చింది. 1887లో లండన్‌లో దాని ఆంగ్లానువాదం వెలువడింది.

ఆంగ్ల రచయిత గోల్డ్‌స్మిత్ నవల దీనికి ప్రేరణ. అయినా ఇందులోని ఊరు, మనుషులు, ఆచారాలు తెలుగువారివే. కథ ధవళేశ్వరంలో మొదలవుతుంది. రాజశేఖరుడు ధనవంతుడు, మంచివాడు. అయితే పొగడ్తలకు లొంగిపోతాడు. అందుకే ఆయన ఇంట ఎప్పుడూ ముఖస్తుతి చేసేవారే కనిపిస్తారు. బంగారం చేస్తానని నమ్మించిన బైరాగి ఇంట ఉన్న బంగారాన్నే అపహరిస్తాడు. సంపద పోగానే నిన్నటి మిత్రులు ముఖం చాటేస్తారు. ఆ కుటుంబం ఊరు విడిచి ఎన్నో కష్టాలు పడుతుంది. రాజశేఖరుడు చెరసాల పాలవుతాడు. చివరకు కష్టాలు తీరుతాయి.

వీరేశలింగం ఆ ముఖస్తుతిపరుల స్వభావాన్ని వారి మాటలతోనే బయటపెట్టారు. చదివేవారికి నవ్వు వస్తుంది, ఆ వెంటనే ఆలోచన కలుగుతుంది. దీనినే వ్యంగ్యం అంటారు. పత్రిక అధికారుల తప్పులను ఎత్తి చూపింది. అటువంటి తప్పులకు చోటిచ్చే ఊరి బలహీనతలను నవల చూపింది.

పావగడకు గోదావరి తీరం చాలా దూరం. కాని ఉన్నవాడిని పొగడడం, లేనివాడిని మరచిపోవడం ఏ ఊరికీ కొత్త కాదు. అందువల్లనే ఈ నవల నేటికీ చదవదగినది.