ఎవరి ఎదుట ప్రమాణం?

2007 డిసెంబర్ 30. కెన్యా అధ్యక్షుడిగా మ్వాయ్ కిబాకీ మళ్లీ గెలిచారని అక్కడి ఎన్నికల సంఘం ప్రకటించింది. లెక్కింపులో అక్రమాలు జరిగాయని ప్రత్యర్థి రైలా ఒడింగా వర్గం మొత్తుకుంటూనే ఉంది. కాసేపటికే, చీకటి పడే వేళకి, నైరోబీ అధ్యక్ష భవనంలో కిబాకీ ప్రమాణ స్వీకారం ముగిసిపోయింది. చేయించింది ప్రధాన న్యాయమూర్తి ఇవాన్ గిచేరు. అభ్యంతరాలుంటే కోర్టుకు వెళ్లమంది కిబాకీ వర్గం. ఆ కోర్టు పెద్దే అంత హడావుడిగా ప్రమాణం చేయించాక, ఇక అక్కడ మొర పెట్టుకుని ఏం లాభం? ప్రతిపక్షం కోర్టు గడప తొక్కలేదు. తగవు వీధిన పడింది. తర్వాతి వారాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షలమంది ఊళ్లు విడిచి పారిపోయారు.

ఆ గాయం నుంచి పుట్టిందే 2010 నాటి కెన్యా రాజ్యాంగం. ప్రమాణం బహిరంగంగా, ప్రధాన న్యాయమూర్తి ఎదుట జరగాలని అందులో రాసుకున్నారు. అంతకంటే ముఖ్యమైనది గడువు. ఫలితం వచ్చాక ఎన్నికను సవాలు చేయడానికి వ్యవధి ఉండాలి, కేసు పడితే తీర్పు వచ్చాకే ప్రమాణం. 2017లో ఈ నిబంధనకు అసలు పరీక్ష ఎదురైంది. ఉహురు కెన్యాట్టా గెలుపును డేవిడ్ మరగా నేతృత్వంలోని సుప్రీంకోర్టు సెప్టెంబర్ 1న కొట్టేసింది. ఒడింగా బహిష్కరించిన రెండో ఎన్నికలో కెన్యాట్టా గెలిచారు. దాన్నీ సవాలు చేస్తే ఈసారి కోర్టు సమర్థించింది. నవంబర్ 28న ఆయన ప్రమాణం చేసింది ఆ మరగా సమక్షంలోనే. తన గెలుపును రద్దు చేసిన న్యాయమూర్తి ఎదుట నిలబడి, రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని చెప్పడం! ప్రమాణానికి అంతకు మించిన విలువ ఇంకెక్కడ వస్తుంది?

అమెరికా రాజ్యాంగం ప్రమాణంలోని మాటలను పొల్లుపోకుండా రాసింది గానీ, ఎవరు చేయించాలో చెప్పలేదు. 1789లో వాషింగ్టన్‌తో ప్రమాణం చేయించింది న్యూయార్క్ రాష్ట్ర న్యాయాధికారి రాబర్ట్ లివింగ్‌స్టన్. అప్పటికి సుప్రీంకోర్టే ఏర్పడలేదు. 1923లో అధ్యక్షుడు హార్డింగ్ హఠాత్తుగా చనిపోతే, వెర్మాంట్‌లోని పల్లెటూరి ఇంట్లో, అర్ధరాత్రి దాటాక, కిరోసిన్ దీపం వెలుగులో ఉపాధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్‌తో ఆయన తండ్రే ప్రమాణం చేయించారు. ఆ పెద్దాయన నోటరీ. ముచ్చటైన ఘట్టమే, కాదనను. కానీ ఆ ప్రమాణం చెల్లుతుందా అన్న అనుమానంతో కూలిడ్జ్ తర్వాత ఒక న్యాయమూర్తి ఎదుట మళ్లీ ప్రమాణం చేయాల్సి వచ్చింది.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ సందేహానికి తావివ్వలేదు. రాష్ట్రపతి ప్రమాణం భారత ప్రధాన న్యాయమూర్తి ఎదుట, ఆయన లేకపోతే అందుబాటులో ఉన్న సీనియర్ న్యాయమూర్తి ఎదుట జరగాలని 60వ అధికరణంలో రాశారు. రాష్ట్రపతి ఎన్నికపై వివాదం వస్తే తేల్చాల్సిందీ సుప్రీంకోర్టే అని 71వ అధికరణం చెబుతోంది. ఇది కాగితం మీద మిగిలిపోయిన మాట కాదు. 1969లో నీలం సంజీవరెడ్డిని ఓడించి రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఎన్నికపై కేసు పడింది. పదవిలో ఉండగానే ఆయన స్వయంగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో కోర్టు ఆ పిటిషన్లను కొట్టేసింది. మన తెలుగువాడు నెలకొల్పిన ఈ మర్యాదను మనం ఎందుకో తక్కువగా తలచుకుంటాం.

అధికారం అసలు ఎవరి చేతిలో ఉందో ఆ ప్రధానమంత్రి దగ్గరికి వచ్చేసరికే మన ఏర్పాటు బలహీనపడింది. నియమించేది రాష్ట్రపతి, ప్రమాణం చేయించేదీ రాష్ట్రపతే. రాష్ట్రాల్లో ఆ రెండు పనులూ గవర్నరువి. దాని ఫలితం తెలుగు నేల 1984 ఆగస్టు 16న కళ్లారా చూసింది. గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ను తొలగించి, నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. జనం తిరగబడ్డారు. నెల రోజులకే ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. నియామకమూ ప్రమాణమూ ఒక్క చేతిలో ఉంటే, మధ్యలో ఆగి ఆలోచించే రెండో మనిషే ఉండడు.

ప్రధాన న్యాయమూర్తి ఉన్నంత మాత్రాన అన్నీ సవ్యంగా సాగవు. 2007 నాటి నైరోబీయే అందుకు సాక్ష్యం. అయినా, రేపు తనను తప్పుపట్టగల వ్యవస్థ ఎదుటే నాయకుడు మాట ఇవ్వాలి, తనను ఎంచుకున్న వ్యక్తి ఎదుట కాదు. మన గవర్నర్లు ఇప్పటికే హైకోర్టు ప్రధాన న్యాయమూర్తుల ఎదుట ప్రమాణం చేస్తున్నారు. ప్రధానమంత్రికీ ముఖ్యమంత్రులకూ అదే పద్ధతి రావాలి. అందుకు రాజ్యాంగంలోని 75(4), 164(3) నిబంధనలను పార్లమెంటు సవరించాలి.