మీకు తెలుసా? పెరటి పెట్ట కడుపులో గుట్టు!

మీ పెరట్లో తిరిగే పెట్టకు పనిచేసే అండాశయం ఒక్కటే! అదీ ఎడమవైపుదే! గుడ్డులో ఉన్నప్పుడు రెండూ మొదలవుతాయి. కుడివైపుది ఎదగకుండానే ఆగిపోతుంది. అయినా ఏం తక్కువ? ఆ ఒక్కదానిలో కంటికి కనిపించే అండాలే దాదాపు 2000!

మరి ఆ ఎడమది జబ్బుచేసి పాడైతే? పెట్ట కొక్కొరొకో అని కూసేస్తుంది! నిజం! కుడివైపున ఎదగక మిగిలిన ముక్క ఒక్కోసారి వృషణంలా మారుతుంది. తురాయి పెరుగుతుంది. కాలి వెనక ముల్లు లేస్తుంది. గుడ్లు బంద్! ఎడిన్‌బరోలో క్రూ అనే శాస్త్రవేత్త 1923లో ఇలాంటి పెట్ట గురించే రాశాడు. అప్పటిదాకా శుభ్రంగా గుడ్లు పెట్టిన పెట్టే! పుంజుగా మారాక రెండు పిల్లలకు తండ్రి కూడా అయింది! మన ఊళ్లలో అయితే పెట్ట కూసిందంటే అరిష్టం అంటారు. ఆ సాయంత్రమే అది కూరైపోతుంది. పాపం, దాని తప్పేముంది? అండాశయానికి జబ్బు!

మనమే నయం! స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఊళ్లో గుడ్డు పెట్టిందన్న నేరానికి ఒక పుంజును విచారించి, నలుగురి ముందు నిలువునా తగలబెట్టారు! ఎప్పుడనుకున్నారు? 1474లో! అది అసలు పుంజేనా, కూత నేర్చిన పెట్టా అని నాకైతే గట్టి అనుమానం.

పెట్ట కడుపులో గుడ్డు నడిచే గొట్టం పొడవెంతో చెప్పుకోండి చూద్దాం? దాదాపు 65 సెంటీమీటర్లు! దాని మొదట్లో ఒక గరాటు ఉంటుంది. అండాశయం నుంచి ఊడిన పచ్చసొనను అది పట్టుకోవాలి. పట్టు తప్పిందా, సొన కడుపులోకి జారిపోతుంది! ఒకటీ అరా అయితే ఒళ్లే పీల్చేసుకుంటుంది. రోజూ జారితే, దానికి సూక్ష్మజీవులు తోడైతే, కడుపంతా చీము! పెట్ట రోజూ గంపలోకి వెళ్లి కూర్చుంటుంది. గుడ్డు మాత్రం ఉండదు! పొట్ట కింద చెయ్యి పెట్టి చూడండి. మెత్తగా, నీళ్లు నిండినట్టు వేలాడుతుంటే ఇక ఆలస్యం వద్దు, పశువైద్యుడికి చూపించండి!

గుడ్డు తయారీలో ఎక్కువ సమయం దేనికి పడుతుందంటారు? సొనకా? కాదు! పెంకుకే! సుమారు 20 గంటలు! అందులో చాలా భాగం మనం గుర్రుపెట్టి నిద్రపోయే రాత్రివేళే! అందుకే ఆల్చిప్పల పొడి సాయంత్రం వేయండి. మరీ మెత్తగా నూరొద్దు సుమా! రవ్వలా ఉంటే రాత్రంతా నెమ్మదిగా కరుగుతుంది.

ఒక్క పెంకుకు కావాల్సిన కాల్షియం సుమారు 2 గ్రాములు! పెట్ట ఒంట్లో మొత్తం ఉండేదే 20 గ్రాముల చిల్లర! మేతలో చాలకపోతే? సొంత కాళ్ల ఎముకల్లోంచే తోడుకుంటుంది! ఇందుకోసమే ఎముక లోపల ఇంకో రకం ఎముకను దాచిపెడుతుంది. ఆ దాపుడు ఎముక ఇంకెవరిలో దొరికిందో తెలిస్తే నోరెళ్లబెడతారు. టైరనోసారస్ రెక్స్‌లో! 2005లో అమెరికా శాస్త్రవేత్తలు ఆ రాకాసి బల్లి తొడ ఎముకలో దీన్ని చూశారు. అంటే అది గుడ్లకు సిద్ధమైన ఆడది!

పెంకు లేకుండా చేతికి తోలులా తగిలే గుడ్డు ఎప్పుడైనా దొరికిందా? అదే తోలుగుడ్డు! చాలాసార్లు కాల్షియం చాలకే! పెరట్లో కోళ్లకు మనం చల్లేది నూకలు, తవుడు, జొన్నలు. కాల్షియానికి పేరుమోసిన రాగుల్లోనే 100 గ్రాములకు సుమారు 340 మిల్లీగ్రాములు! రోజూ గుడ్డు పెట్టే పెట్ట మేతలో ఉండాల్సింది దానికి పదింతలు! అలాగని కాల్షియం దట్టించిన ఈ పెట్టల మేత కోడిపిల్లలకు పెట్టేరు, వద్దు! వాటి మూత్రపిండాలు పాడైపోతాయి.

ఇక ఎండాకాలం! కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతుంది. ఆ రొప్పులో ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. పెంకు కట్టేందుకు కావాల్సింది అదే! అందుకే మే నెల గుడ్డు పెంకు పల్చన! అమెరికాలో 1985లో ఏం చేశారో తెలుసా? వేడిలో ఉన్న కోళ్లకు గ్యాసు కలిపిన నీళ్లు తాగించి చూశారు! అదేనండీ, సోడా! పెంకు మందం పెరిగింది! మన బెజవాడ ఎండలకు గోలీసోడా పట్టించమని నేననను. నీడ, చల్లటి నీళ్లు చాలు.

ఇది మాత్రం చెవి ఒగ్గి వినండి! తోక కిందికి వాలింది. ఒళ్లు నిటారుగా లేచింది. కాళ్లు ఎడంగా పెట్టి తూలుతూ నడుస్తోంది. తోక పైకీ కిందికీ కదులుతోంది. ముక్కుతోంది, ఏమీ రావట్లేదు! ఇది మలబద్ధకం కాదు, గుడ్డు అడ్డం పడింది! మామూలుగా గుడ్డుకూ గుడ్డుకూ మధ్య ఒక రోజు పైచిలుకు. ఆ గుడ్డు లోపలే ఇరుక్కుని ఒక రోజు దాటిందా, ప్రాణం మీదికొస్తుంది! నడుము దాకా మునిగేలా గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు కూర్చోబెట్టండి. చాలాసార్లు కండరాలు వదులై గుడ్డు జారుతుంది! రాలేదా? వైద్యుడి దగ్గరికి పరుగే! వేలు పెట్టి లోపలే పగలగొట్టే మొరటు వైద్యం మాత్రం వద్దే వద్దు. పెంకు ముక్క గొట్టాన్ని కోసేస్తుంది!

కోడి చీము కారదు, గడ్డకడుతుంది! మన చీమును పలచన చేసే ఎంజైము దాని తెల్లకణాల్లో లేదు మరి. ఒంటి వేడి చూస్తే 41 డిగ్రీలు, అయినా లోపల చీము ఎండిన జున్నులా గట్టిపడుతుంది! గొట్టంలో పుండు పడితే ఆ గడ్డ పొరలు పొరలుగా చుట్టుకుని ఒకరోజు గుడ్డులాగే గంపలో పడుతుంది! కోసి చూస్తే పసుపు పొరలు, మధ్యలో ఒక్కోసారి సొన ముక్క! పెట్ట పైకి బాగానే తిరుగుతూ ఉంటుంది. చూసి పారేయకండి, వైద్యుడికి చూపించండి.

కరోనా కొత్తది అనుకుంటున్నారా? కోళ్లకు అది 1931 నుంచే తెలుసు! ఆ కుటుంబానికే చెందిన వైరస్ పిల్ల కోళ్లకు జలుబు తెప్పిస్తుంది. జలుబు తగ్గుతుంది. పిల్ల పెరుగుతుంది. నిగనిగలాడే పెట్ట అవుతుంది. గుడ్డు మాత్రం రానే రాదు! పుట్టిన తొలి రోజుల్లోనే గొట్టం పాడైపోయింది! మనుషులకు ఇది అంటదు లెండి.

ఇంకో దొంగ వైరస్ ఉంది! బాతులకు ఏమీ చేయదు. కోడికి అంటిందా, ముదురు రంగు గుడ్లు వెలిసిపోతాయి, తర్వాత పెంకే మాయం! కోడి మాత్రం భేషుగ్గా తింటుంది! బయటపడ్డ ఏడాది ఈ జబ్బు పేరులోనే ఉండిపోయింది. 1976! బాతులూ కోళ్లూ ఒకే కుంటలో నీళ్లు తాగుతున్నాయా? ఒక కన్నేసి ఉంచండి.

ఆడవాళ్లకు వచ్చే అండాశయ క్యాన్సర్ గుట్టు విప్పడానికి శాస్త్రవేత్తలు దేన్ని చూస్తున్నారు? కోడిపెట్టను! తనంతట తానే ఆ జబ్బు ఇంత ఎక్కువగా తెచ్చుకునే జీవి ఇంకోటి దొరకడం కష్టం. మేతలో 10 శాతం అవిసె గింజలు కలిపి ఏడాది పాటు పెడితే, వాటిలో జబ్బు ముదరడం తగ్గింది! అవునండీ, మన కారప్పొడిలో వేసుకునే అవిసెలే!

ఇన్ని తిప్పలు ఎందుకొచ్చాయో చూడండి! తూర్పు కనుమల్లో తిరిగే ఎర్ర అడవికోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు పెడితే గొప్ప. మన నాటుకోడి అరవై, డెబ్భై. 1979లో అమెరికాలో ఒక తెల్ల లెగ్‌హార్న్ పెట్ట 364 రోజుల్లో పెట్టినవి 371! రోజుకు ఒకటి కన్నా ఎక్కువ! రికార్డు సరే, ఆ గొట్టానికి విశ్రాంతి ఏదీ? నాటుపెట్ట పొదుగుకు కూర్చుని మధ్యలో సెలవు తీసుకుంటుంది. గుడ్లు రావట్లేదని దాన్ని తిట్టకండి!

పెట్ట కళ్లతోనే కాదు, పుర్రెలోంచి కూడా వెలుగు చూస్తుంది! చూపు లేని పెట్ట కూడా గుడ్లు పెడుతుంది! మెదడుకే నేరుగా వెలుగు తెలుస్తుంది మరి. రోజుకు 14 గంటల వెలుగు ఉంటే గుడ్లు జోరందుకుంటాయి. కానీ ఎదగని పిల్లపెట్టకు రాత్రిళ్లు బల్బు వేశారో, ఒళ్లు సిద్ధం కాకముందే గుడ్లు మొదలవుతాయి! ముక్కీ ముక్కీ గొట్టమే బయటికి జారుతుంది. ఆ ఎర్రటి కండ కనబడితే మిగతా కోళ్లు ఊరుకోవు, పొడిచి చంపేస్తాయి! వెంటనే విడిగా గంప కింద మూసేయండి!

గుడ్డులో గుడ్డు చూశారా? పెంకు కట్టిన గుడ్డు ఒక్కోసారి గొట్టంలో వెనక్కి నడుస్తుంది! పైనుంచి వచ్చే సొన ఎదురవుతుంది. రెండింటినీ కలిపి ఇంకో పెంకు! అంటే ఒకే గుడ్డుకు 2 పెంకులు! ఈసారి మరీ పెద్ద గుడ్డు దొరికితే పెనం మీద కొట్టకండి, ముందు గిన్నెలో పగలగొట్టి చూడండి!