‘వెళ్ళొస్తాం’ అని చెప్పే ముందు

మన ఇళ్ళలో బయలుదేరేటప్పుడు ఎవరూ ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్ళొస్తాను’ అంటారు. పెద్దలకు అది మర్యాద మాట. కానీ పరదేశంలోని ఒక పిల్లల ఆశ్రమంలో రెండు వారాలు పరిచర్య చేసి, విమానం ఎక్కే రోజున మెడకు చుట్టుకున్న ఆరేళ్ళ బిడ్డతో అదే మాట అంటే, ఆ బిడ్డకు అది వాగ్దానం. ఆ రోజు నుంచి గేటు వైపు చూస్తూ ఉంటుంది.

వేసవి సెలవులు వస్తే స్వల్పకాలిక మిషన్ యాత్రలు మొదలవుతాయి. విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల యువతీ యువకులు కూడా వాటిలో వెళ్తున్నారు. తిరిగి వచ్చిన ఆదివారం సాక్ష్యం చెబుతూ, పిల్లలను విడిచి వచ్చిన ఘట్టం దగ్గర గొంతు పూడుకుపోవడం మనం చూస్తాం. ఆ కన్నీళ్ళు నిజమైనవే. అయితే సంఘంగా మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. మనవాళ్ళు విమానం ఎక్కిన తరువాత ఆ బిడ్డకు ఏమైంది?

దీనికి కొంత జవాబు చాలాకాలంగా ఉంది. తల్లి సంరక్షణకు దూరమైన పిల్లల మీద జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఒక నివేదిక రాశారు. ఆయనతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ళ పాప మీద 1952లో ఒక చిత్రం చూపించారు. కావలసినవారికి దూరమైన పసిబిడ్డ మొదట ఏడ్చి గోల చేస్తుంది, తరువాత నిరాశలో ముడుచుకుపోతుంది, చివరకు ఎవరినీ పట్టించుకోనట్టు ఉంటుందని రాబర్ట్‌సన్ గమనించారు. ఆ చివరి స్థితిని చూసి పెద్దలు ‘అలవాటు పడింది’ అనుకుంటారు. నిజానికి అది గాయం కప్పుకుపోవడమే, మానడం కాదు.

ఇంకొక సంగతి మనల్ని నొప్పించినా చెప్పక తప్పదు. ‘వెళ్ళిన మొదటి గంటలోనే పిల్లలు ఒళ్ళోకి వచ్చి కూర్చున్నారు, ఎంత ప్రేమో’ అని సాక్ష్యాల్లో వింటాం. తన ఇంట్లో పెరిగే బిడ్డ సాధారణంగా కొత్తవారిని చూసి అమ్మ చాటుకు వెళ్తుంది. ముక్కూ మొహం తెలియని ప్రతివారి చేయీ పట్టుకునే బిడ్డకు చాలాసార్లు స్థిరమైన చేయి దొరకలేదని అర్థం. మన తరువాత వచ్చే బృందం ఒళ్ళో కూడా ఆ బిడ్డ అలాగే కూర్చుంటుంది. ఆ బృందమూ వెళ్ళిపోతుంది.

కంబోడియా ఉదాహరణ చూద్దాం. అక్కడ 2005 నుంచి 2010 వరకు ఐదేళ్ళలో పిల్లల సంరక్షణ గృహాల సంఖ్య 75 శాతం పెరిగింది. ఆ గృహాల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లిగాని తండ్రిగాని బతికే ఉన్నారు. పేదరికం వల్ల, చదువు దొరుకుతుందన్న ఆశతో వారు పిల్లలను పంపారు. వచ్చే సందర్శకులు, విరాళాలు పెరిగేకొద్దీ ఆశ్రమాలూ పెరిగాయి. ‘పిల్లలు పర్యాటక ఆకర్షణలు కారు’ అని 2011లో అక్కడ ఒక ప్రచారమే మొదలైంది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం కూడా ఆశ్రమాల్లో స్వచ్ఛంద సేవ పేరిట పిల్లలకు జరగగల హానిని ప్రస్తావిస్తూ తీర్మానం చేసింది. మన దేశంలోనూ 2015 నాటి బాలల న్యాయ చట్టం, బిడ్డను సంస్థలో ఉంచడం చివరి మార్గం కావాలంటుంది.

అయితే వెళ్ళకూడదా? అపొస్తలుడైన పౌలు జీవితమంతా వెళ్ళడం, విడిచి రావడమే. ఆయన వీడ్కోలు రెండింటిని అపొస్తలుల కార్యములలో చదువుతాం. మిలేతులో ఎఫెసు పెద్దలతో, ఇక నా ముఖం చూడరని దాచకుండా చెప్పాడు (20వ అధ్యాయము). వారు ఏడ్చారు, అయినా ఆయన మాట మార్చలేదు. తరువాత తూరులో ఏడు రోజులు ఉండి బయలుదేరినప్పుడు, భార్యలు పిల్లలతో సహా అందరూ సముద్రతీరానికి వచ్చి మోకాళ్ళూని ప్రార్థించారు (21:5, 6). అంతటితో అయిపోలేదు. పౌలు బృందం ఓడ ఎక్కింది, వారు ఇళ్ళకు తిరిగి వెళ్ళారు. ఆ పిల్లలు తీరం నుంచి తమ తల్లిదండ్రులతో ఇంటికి నడిచారు. వెళ్ళిపోయినవాడు అతిథి, ఉండిపోయినవారు అమ్మానాన్నలు. అలాంటి వీడ్కోలు బిడ్డను బాధపెట్టవచ్చు గాని విరగ్గొట్టదు.

కాబట్టి వెళ్ళేవారు మొదటి రోజే ఆ స్థానం తెలుసుకోవాలి. అన్నం తినిపించడం, స్నానం చేయించడం, నిద్రపుచ్చడం అక్కడే ఉండే సంరక్షకుల పని. మనం వారి చేతికింద పనిచేయాలి. వంటగది, మరుగుదొడ్ల మరమ్మతు, సిబ్బందికి శిక్షణ ఫోటోల్లో అంత అందంగా కనబడవు, కాని ఆ పనుల్లో బిడ్డ హృదయం పణంగా పెట్టనవసరం లేదు.

వెళ్ళే రోజు ముందే చెప్పాలి. చిన్నపిల్లలకు కాలెండరు మీద గీతలు పెట్టి చూపించవచ్చు. మన ఇళ్ళలో బిడ్డ ఏడుస్తుందని, ఆడుకుంటుండగా కంటపడకుండా జారుకోవడం అలవాటు. అక్కడ ఆ పని చేయవద్దు. రాలేనప్పుడు ‘వస్తాను’ అనవద్దు. ‘నేను మా ఇంటికి వెళ్తున్నాను. మళ్ళీ వస్తానో లేదో తెలియదు. నీతో ఉండడం నాకు సంతోషం. నిన్ను చూసుకోవడానికి అమ్మగారు ఇక్కడే ఉన్నారు’ అంటే చాలు. బిడ్డ ఏడిస్తే ఏడవనివ్వండి. మన కన్నీళ్ళు తుడిచే పని మాత్రం ఆ బిడ్డ మీద పెట్టకూడదు, వాటిని బసకు వెళ్ళాక ప్రభువు ఎదుట విడుద్దాం. రహస్యంగా ఫోన్ నంబరు, ఖరీదైన కానుక ఇవ్వవద్దు. ఉత్తరం రాయాలంటే సంరక్షకుల ద్వారానే రాయాలి, మొదలుపెడితే మానకూడదు.

ఇక సంఘం బాధ్యత. బృందాన్ని పంపేముందు పాస్టరుగారు, పెద్దలు ఆ గృహాన్ని అడగాలి: పిల్లల తల్లిదండ్రులు ఎక్కడ ఉన్నారు? వారిని ఇంటికి చేర్చే ప్రయత్నం జరుగుతోందా? సంవత్సరానికి ఎన్ని బృందాలు వస్తాయి? సరైన జవాబు రాకపోతే టికెట్ల డబ్బు, ఒక తల్లి తన బిడ్డను తన దగ్గరే ఉంచుకోవడానికి ఉపయోగపడే పరిచర్యకు పంపవచ్చు.

మిమ్మును అనాథలుగా విడువనని ప్రభువు శిష్యులతో చెప్పాడు (యోహాను 14:18). ఆ మాట నిలబెట్టగలవాడు ఆయనే. మనం రెండు వారాల అతిథులం. అది ఒప్పుకొని, ఆ బిడ్డతో నిజం చెప్పి, ఉండిపోయే చేతుల్లో ఆ చేయి పెట్టి రావడమే మన పరిచర్య.