భజన ఉరికితే ఫైలులో ఏం మారుతుంది?

ప్రొద్దుటూరు, కలమల్ల వైపు పల్లెల్లో చెక్కభజన నిదానంగా మొదలై, పోనుపోను అడుగులూ చెక్కలూ డోలక్కూ ఒక్కటై పరుగందుకుంటుంది. కచేరీలో రెండో కాలం పాడటం వేరు. అక్కడ తాళం కదలదు, స్వరాలే రెట్టింపు పడతాయి. భజనలో తాళమే ఉరుకుతుంది. ఈ తేడా పట్టుకున్నవారికి కంప్యూటర్ సంగీతంలో వాడే మిడి ఫైలు సగం అర్థమైనట్టే.

1983లో వచ్చిన మిడి ధ్వనిని దాచదు. ఏ స్వరం ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో చెబుతుంది. ఫైలులో ఆ లెక్క సాధారణంగా టిక్కుల్లో ఉంటుంది, సెకన్లలో కాదు. దరువుకు 480 టిక్కులనుకుంటే, రెండో కాలంలో స్వరం 240 టిక్కులకు కుదించుకుపోతుంది, అంతే. దరువు ఎంతసేపన్నది, అంటే టెంపో, విడిగా మైక్రోసెకన్లలో రాస్తారు. రాయకపోతే 5,00,000 అని లెక్క, అంటే నిమిషానికి 120 దరువులు.

పలు ట్రాకుల ఫైలులో టెంపో మార్పులన్నీ మొదటి ట్రాకులో రాసి, అన్ని ట్రాకులకూ వర్తింపజేయాలని నియమం. ట్రాకులను దేనికదిగా చదివే ప్రోగ్రాములు బోల్తాపడేది ఇక్కడే. మొదట దరువుకు 7,50,000 ఉండి, ఎనిమిది దరువుల తర్వాత 5,00,000కు మారిందనుకోండి. చెక్కల ట్రాకులో పన్నెండో దరువు ముగిసిన చోట ఒక దెబ్బ ఉంది. మొదటి ఎనిమిదికి 6 సెకన్లు, తర్వాతి నాలుగుకు 2. దెబ్బ 8వ సెకనులో పడాలి. టెంపో తనకు అందని ట్రాకు 120 లెక్కనే పట్టుకుని 6వ సెకనులోనే కొట్టేస్తుంది. డోలక్ ఇంకా దారిలోనే ఉంటుంది!

ఇంకో మెలిక ఉంది. ఫైలులో ప్రతి ఘటనకూ ముందు ఘటన నుంచి ఎన్ని టిక్కుల దూరమో రాస్తారు. చెక్కలు నాలుగో దరువు ముగిశాక ఆగి, పన్నెండో దరువు ముగిశాక మళ్లీ మోగితే, ఆ మౌనం మధ్యలోనే టెంపో మారిపోతుంది. దాన్ని ఒకే టెంపోతో లెక్కగట్టకూడదు. మార్పు దగ్గర విరిచి, 3 సెకన్లు ఒకవైపు, 2 సెకన్లు ఇంకోవైపు కలపాలి. అందుకే ముందు అన్ని ట్రాకుల దూరాలనూ పాట మొదటి నుంచి లెక్కించిన టిక్కులుగా మార్చుకుని, తర్వాతే సెకన్లు కట్టడం క్షేమం.

మెల్లమెల్లగా వేగం పెంచమనే ఆజ్ఞ ఫైలులో లేదు. భజన ఊపు కావాలంటే దరువుదరువుకూ, ఇంకా నునుపు కావాలంటే అరదరువుకూ కొత్త టెంపో రాయాలి. ఇన్ని మెట్లున్నప్పుడు పూర్ణాంకాలకు సర్దడం ప్రమాదం. 120 వేగంలో టిక్కు 1.04 మిల్లీసెకన్లు. దాన్ని 1కి సర్దితే దరువుకు 20 మిల్లీసెకన్లు కరిగిపోయి, వంద దరువులకు 2 సెకన్ల తేడా వస్తుంది.