మాయ తెచ్చే మధుమేహం – తల్లి మనసు

"కడుపుతో ఉన్నదానివి, ఇద్దరి తిండి తినాలి" అంటూ కొసరి కొసరి వడ్డించిన అత్తగారే, ఆరో నెలలో ఆస్పత్రి చీటీ చూసి "తీపి తగ్గించమంటే విన్నావు కాదు" అంటుంది. పక్కింటావిడ "మా రోజుల్లో ఇవన్నీ ఎరగం" అని దీర్ఘం తీస్తుంది. భర్త ఏమీ అనడు. ఆ అనకపోవడం మరో శిక్ష. గర్భిణులకు వచ్చే మధుమేహం గురించి వైద్యులు చాలా చెబుతారు గాని, ఈ మాటలు పడిన మనిషి ఆ రాత్రి ఎలా నిద్రపోయిందో, ఆ నిద్రలేమి మర్నాటి రక్తపరీక్షలో ఎలా కనబడుతుందో మనం చెప్పుకోవడం తక్కువ.

ముందు ఆ నింద సంగతి చూద్దాం. గర్భంలో తల్లినీ బిడ్డనూ కలిపి ఉంచే అవయవాన్ని మనవాళ్ళు మాయ అన్నారు. ఎవరు పెట్టారో గాని తగిన పేరే. అది కేవలం ఆహారం అందించే సాధనం కాదు, హార్మోనులు తయారుచేసే గ్రంథి కూడాను. ప్లాసెంటల్ లాక్టోజెన్ వంటివాటిని అది తల్లి రక్తంలోకి వదులుతుంది. వాటి ప్రభావంవల్ల తల్లి కండరాలు ఇన్సులిన్ మాట సరిగా వినవు. తల్లి ఒళ్ళే చక్కెరనంతా వాడేసుకుంటే లోపలి బిడ్డకు మిగలదు కదా! ఇది ప్రకృతి చేసుకున్న ఏర్పాటు. మామూలుగా అయితే క్లోమం ఇన్సులిన్‌ను మరింత ఊరించి సర్దుకుంటుంది. సర్దుకోలేనివారి రక్తంలో చక్కెర నిలిచిపోతుంది. ఎవరు సర్దుకోలేరనేది వంశం, వయసు, గర్భానికి ముందున్న బరువు మొదలైనవాటిమీద ఆధారపడుతుంది. దక్షిణాసియా స్త్రీలకు ఈ ముప్పు ఎక్కువని తేలింది. అంతేగాని, సీమంతంనాడు తిన్న రెండు లడ్లు ఈ జబ్బును తెచ్చిపెట్టవు. జబ్బు వచ్చాక పథ్యం అవసరమే. అది వేరే సంగతి.

మరి బిడ్డకేమవుతుంది? తల్లి రక్తంలోని గ్లూకోజు మాయ దాటి పోతుంది, ఇన్సులిన్ దాటదు. అందువల్ల బిడ్డ తన ఇన్సులిన్‌ను తానే ఎక్కువగా ఊరించుకుని ఒళ్ళు చేస్తుంది. డెన్మార్కు వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ 1950లలో ఇచ్చిన వివరణ ఇది. నేటికీ దీనినే చెప్పుకుంటున్నాం. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం. బొడ్డు కోయగానే తల్లినుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది గాని, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఇంకా ఉంటుంది. అందుకే పుట్టిన మొదటి గంటల్లోనే మడమ గుచ్చి చక్కెర చూస్తారు.

పరీక్షకు మన దేశంలో ఒక సులువైన పద్ధతి ఉంది. చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య, ఆయన సహచరులు దానిని ప్రచారంలోకి తెచ్చారు. తిని వచ్చినా, తినక వచ్చినా 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటల తరువాత రక్తం తీస్తారు. వంద మిల్లీలీటర్లకు 140 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉంటే మధుమేహమే. తెల్లవారుజామున బస్సెక్కి పట్నం వచ్చే గర్భిణిని ఖాళీ కడుపుతో కూర్చోబెట్టనక్కరలేదన్నది చిన్న సౌకర్యమేమీ కాదు.

ఇక అసలు విషయం. జబ్బు ఉందని తేలిన నాటినుంచి ఆమె రోజు అంకెలమీద నడుస్తుంది. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలంటారు. రోజుకు మూడు నాలుగుసార్లు వేలు గుచ్చుకోవాలి. మార్కుల భయం ఎలాంటిదో విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. ఇక్కడ రోజుకు నాలుగు పరీక్షలు, పైగా తప్పితే నష్టపోయేది బిడ్డ అన్న బెదురు! ఆ బెదురుతో కొందరు పుస్తకంలో తక్కువ అంకె వేసేస్తారు. డాక్టరు ఆ అంకెను నమ్మి మందు పెంచరు. మరికొందరు అన్నం మానేస్తారు. అంకె బాగానే వస్తుంది గాని ఒళ్ళు కొవ్వును కరిగించుకుని కీటోన్లు తయారుచేస్తుంది; అవి మాయ దాటి బిడ్డకూ చేరతాయి. ఇన్సులిన్ సూది అనగానే "ఇక జీవితాంతం ఇంతే" అనుకుని మానుకునేవారూ ఉన్నారు. నిజానికి చాలామందికి కాన్పుతోటే ఆ సూది అవసరం తీరిపోతుంది.

భయం ఒంటిమీద నేరుగా కూడా పనిచేస్తుంది. ఆందోళనలో అడ్రినల్ గ్రంథులు వదిలే కార్టిసోల్, అడ్రినలిన్‌లవల్ల కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి విడుస్తుంది. నిద్ర చాలకపోతే ఇన్సులిన్ మరింత మొద్దుబారుతుంది. అయితే ఇది విని "నువ్వు దిగులుపడ్డావు కాబట్టే షుగరు పెరిగింది" అని కొత్త నింద మొదలుపెట్టకండి! అమెరికాలో చేసి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సంబంధం రెండు వైపులా కనబడింది: గర్భం తొలి నెలల్లో కుంగుబాటు ఉన్నవారిలో ఈ మధుమేహం ఎక్కువ, మధుమేహం వచ్చినవారిలో కాన్పు తరువాత కుంగుబాటు ఎక్కువ. ఏది ముందని తగవులాడేకంటే రెండింటినీ కనిపెట్టడం మేలు.

కనిపెట్టడానికి పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. 1987లో జాన్ కాక్స్, ఆయన సహచరులు ప్రకటించిన ఎడింబరో ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు. గడచిన ఏడు రోజుల్లో నవ్వగలిగావా, కారణం లేకుండా నిన్ను నువ్వు నిందించుకున్నావా, ఏడుపు వచ్చిందా – ఇలా ఉంటాయి. చివరిది, తనకు తాను హాని చేసుకునే ఆలోచన వచ్చిందా అని. అలసట గురించి అడగకపోవడం తెలివైన పని, ఎందుకంటే కడుపుతో ఉన్నప్పుడు, బాలింతగా ఉన్నప్పుడు అలసట లేనిదెవరికి? ఒక నర్సు అయిదు నిమిషాల్లో అడగగలదు. వేలు గుచ్చడానికి ఉన్న తీరిక దీనికి ఎందుకు ఉండదో నాకు బోధపడదు. మానసిక సమస్యలకోసం ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరుపై ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మన ఆచారంవల్ల వచ్చే చిక్కు ఒకటుంది. మధుమేహ పరీక్షకు ముఖ్యమైన కాలం 24నుంచి 28 వారాలు. అమ్మాయిని పుట్టింటికి పంపే ఏడో నెల సరిగ్గా అప్పుడే వస్తుంది. ఊరు మారుతుంది, డాక్టరు మారతారు, కాగితాలు అత్తవారింట బీరువాలో ఉండిపోతాయి. కాన్పయిన ఆరు వారాలనుంచి పన్నెండు వారాల లోపల మళ్ళీ గ్లూకోజు పరీక్ష చేయించాలి. ఈ జబ్బు వచ్చి పోయినవారికి తరువాతి కాలంలో మధుమేహం స్థిరపడే అవకాశం, రానివారితో పోలిస్తే ఏడు రెట్లకు తక్కువ కాదని లెక్క. కాని అప్పటికి ఇంటిల్లిపాదీ బిడ్డ స్నానం, సాంబ్రాణి, బారసాల హడావుడిలో ఉంటారు. తల్లి పరీక్ష ఎవరికీ గుర్తుండదు. బిడ్డకు ఆరు వారాల టీకా వేయించడానికి ఎలాగూ ఆస్పత్రికి వెళతారు గనుక, ఆ రోజే తల్లికి గ్లూకోజు పరీక్ష చేయించి, ఆ పది ప్రశ్నలూ అడిగించుకుని రావచ్చు. బయలుదేరేముందు పాత కాగితాలు సంచిలో పెట్టుకోవాలి.